యోగ్యకర్తలో ‘పాత’ కెరిస్ అమ్మే సావనీర్ షాపు: కొనే ముందు ఏం చూడాలి

ఇండోనేసియాలో, జావా దీవి మీదున్న యోగ్యకర్తలో టూరిస్టులు ఎక్కువగా తిరిగే వీధుల్లో ఉన్న ఒక సావనీర్ షాపు గురించి రాస్తున్నా. పేరు రాయను. అలాంటివి ఆ చుట్టుపక్కల బోలెడున్నాయి, అన్నిట్లో సరుకూ ఒకటే, చెప్పే కథా ఒకటే. గోడకు తగిలించుకోవడానికి అందంగా ఉండే వస్తువు కావాలంటే వెళ్లండి, గట్టిగా బేరమాడి కొనుక్కోండి. కానీ ‘ఇది పాతది, మా తాతలనాటిది, మజపాహిత్ కాలంది’ (ఆరేడు వందల ఏళ్ల కిందటి జావా రాజ్యం అది) అంటూ గాజు బీరువాలోంచి బయటికి తీసే కెరిస్‌కి మాత్రం పాతదనే పేరుతో ఒక్క రూపియా కూడా ఎక్కువ పెట్టకండి. సావనీర్‌గా ఈ షాపుకి 5కి 3 ఇస్తాను, పురాతన వస్తువుల షాపుగా అయితే సున్నా.

కెరిస్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. జావా, మదురా, బాలి, సులవేసి, అటు మలేసియా దాకా వాడుకలో ఉన్న బాకు ఇది. అలుగు (పిడి కాకుండా మిగిలిన కత్తి భాగం) నిటారుగా అయినా ఉంటుంది, వంపులు తిరిగి అయినా ఉంటుంది. పిడి దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక పక్కకి ఎక్కువగా సాగుతుంది. జావావాళ్లు పెళ్లిలో దీన్ని నడుముకి వెనక వైపు దోపుకుంటారు. వంశపారంపర్యంగా వచ్చే వాటికి ‘క్యాయి’ అని గౌరవంగా పేర్లు పెడతారు, జావా క్యాలెండర్‌లో మొదటి నెల అయిన సురొలో కడిగి నూనె రాస్తారు. 2005లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వాల్లో ఒకటిగా ప్రకటించింది. జావాలో లావు కొండ మీద 15వ శతాబ్దపు సుకుహ్ గుడి ఉంది, అక్కడి శిల్పంలో భీముడు కమ్మరిగా కూర్చుని ఆయుధాలు చేస్తుంటాడు, అర్జునుడు కొలిమి తిత్తి ఊదుతుంటాడు, మధ్యలో వినాయకుడు నాట్యం చేస్తుంటాడు. ఆ శిల్పం చూశాక ఈ మనుషులు ఇనుముకి ఇచ్చే విలువ ఏంటో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే నాకు ఈ నకిలీ వ్యాపారం అంటే ఒళ్లు మండుతుంది. డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు, మూడు నాలుగు నెలలు కొలిమి దగ్గర కూర్చుని కెరిస్ చేసే ఎంపుల పని మీద (కమ్మరుల్లో గురువుని ఎంపు అంటారు) జనానికి గౌరవం లేకుండా పోతోంది.

మా బావగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఆ షాపుకి వెళ్లాం. షాపతను ఎర్ర గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని బయటికి తీసి, కళ్లకద్దుకుని, ‘ఇది మజపాహిత్ కాలంది సార్, అందరికీ చూపించను, ఇది మిమ్మల్ని ఎంచుకుంది’ అన్నాడు. ధర 30 లక్షల రూపియాలు, మన లెక్కలో 16 వేల చిల్లర. బావగారి ముఖం వెలిగిపోయింది.

‘ఏం బావా, తీసుకుందామా?’ అన్నారు.

‘ఆగండి బావగారూ, ముందు పిడి కింద చూద్దాం’ అన్నాను.

నేను మొదట చూసేది అక్కడే. పిడి కింద అలుగు మొదట్లో అడ్డంగా ఒక సన్నటి ముక్క ఉంటుంది, దాన్ని గొంజొ అంటారు. మంచి కెరిస్‌లో అది విడి ముక్క, మధ్యలో బెజ్జం ఉంటుంది, అలుగుకి ఉన్న కడ్డీకి దాన్ని బిగువుగా ఎక్కిస్తారు. అతుకు ఎంత సన్నగా ఉంటుందంటే వెలుతురుకి పెట్టి చూస్తేగానీ తెలియదు, కానీ గీత అన్ని వైపులా తిరిగి వస్తుంది. ఆ షాపులోది రేకుని కోసి తీసిన ఒకే ముక్క, అతుకు ఉండాల్సిన చోట ఏదో పనిముట్టుతో గీత గీశారు. ఒక వైపు లోతుగా ఉంది, రెండో వైపు సగంలోనే ఆగిపోయింది. గొంజొ కూడా కలిపి ఒకే ముక్కగా చేసిన అసలైన పాతవీ ఉన్నాయి, వాటిని గొంజొ ఇరాస్ అంటారు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పేయలేం. అయితే నిజంగా ఇరాస్ అయితే అమ్మేవాడే ముందుగా ఆ మాట చెప్తాడు, అది చెప్పుకోదగ్గ విషయం మరి. ఇతన్ని అడిగితే నా ముఖం కేసి చూసి, ‘పాతది కదా, అలాగే ఉంటుంది’ అన్నాడు.

రెండోది పామోర్, అంటే అలుగు మీద తెల్లగా కనిపించే డిజైన్. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. ఎంపు ఇనుమునీ, నికెల్ ఉన్న లోహాన్నీ కలిపి కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ కొట్టి పొరలు పొరలుగా తయారుచేస్తాడు. మడత కాజాలో పొరలు ఎలా లోపలి దాకా వెళ్తాయో ఇందులోనూ అలాగే, అరగదీసే కొద్దీ కొత్త గీతలు బయటపడతాయే తప్ప డిజైన్ చెరిగిపోదు. పూర్వం ఈ నికెల్ సులవేసిలోని లువు ప్రాంతపు ఇనుము నుంచి వచ్చేది, ప్రంబనన్ దగ్గర పడిన ఉల్క నుంచి కూడా తీసుకున్నారు. ఆ ఉల్క మిగిలిన ముక్క ఇప్పటికీ జావాలోనే ఉన్న సొలో నగరపు రాజప్రాసాదంలో ఉంది. ఇప్పటి ఎంపులు నికెల్ రేకు వాడతారు, అందులో తప్పేం లేదు. కత్తి తయారయ్యాక నిమ్మరసం, పాషాణం (ఆర్సెనిక్) కలిపి రాస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా ఉండిపోతుంది. అదీ డిజైన్ పైకి తేలే పద్ధతి. (డమాస్కస్ ఉక్కు కదా ఇది అని మనవాళ్లు చాలామంది అడుగుతారు. డమాస్కస్ కత్తులకి వాడిన ఉక్కు, అంటే మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారై పర్షియా దాకా వెళ్లినది, వేరు, దానిలో చారలు మూసలో కరిగి చల్లారేటప్పుడు లోహంలోనే పుడతాయి. ఇది రెండు లోహాల పొరలు కలిపి కొట్టింది.)

నకిలీలో ఈ పనంతా ఉండదు. మామూలు ఇనుప రేకు మీద మైనం లాంటిది పూసి, డిజైన్ గీసి, యాసిడ్ పోస్తారు, యాసిడ్ తిన్నచోట గుంట పడి నల్లగా కనిపిస్తుంది. పట్టుకునే మార్గాలున్నాయి. డిజైన్ రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి, చేత్తో కొట్టిన పామోర్ రెండు పక్కలా ఒకే జాతిగా ఉంటుంది గానీ గీతకి గీత కలవదు. పక్కన అదే వరసలో ఉన్న ఇంకో కెరిస్ తీసి పోల్చండి. మేం పోల్చాం, రెండింటి మీదా అదే చోట అదే చుక్క ఉంది. ఇంకా ముఖ్యమైనది అంచు. అసలు కెరిస్‌లో పామోర్ పొరలు రెండు పక్కలా ఉంటాయి, మధ్యలో ఉక్కు పలక ఉంటుంది, పదును పెట్టడానికి అరగదీసినప్పుడు అంచు పొడవునా ఆ ఉక్కు బయటపడి డిజైన్ లేని నల్లటి పట్టీలా కనిపిస్తుంది, అది కూడా ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటుంది. యాసిడ్ డిజైన్ అయితే అంచు చివరి దాకా పాకుతుంది, లేదా స్కేలు పెట్టి గీసినట్టు ఒకచోట ఆగిపోతుంది. ఇది తెలిస్తే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి.

వంపుల సంగతి. వాటిని లుక్ అంటారు, ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి, మూడు, అయిదు, ఏడు, అలా మామూలుగా 13 దాకా. సరి సంఖ్య వచ్చిందంటే ఒకసారి మళ్లీ లెక్కపెట్టండి, మళ్లీ సరే వస్తే పెట్టేసి రండి. కానీ టూరిస్టు సరుకు చేసేవాళ్లకీ ఈ లెక్క తెలుసు కాబట్టి బేసి ఉన్నంత మాత్రాన అసలుదని కాదు. వంపు ఎలా తిరిగిందో చూడాలి. అసలు దానిలో ఎర్రగా కాల్చి వంచుతారు, మధ్యలో ఉండే వెన్ను కూడా వంపుతో పాటే తిరుగుతుంది, మొన వైపు పోయేకొద్దీ వంపులు చిన్నవవుతాయి. రేకు కోసిన దానిలో అంచు మాత్రమే వంకరలు తిరుగుతుంది, మధ్యభాగం బల్లపరుపుగా ఉంటుంది. వేలితో అలుగు ముట్టుకోకండి, చెమట తగిలితే తుప్పు పడుతుంది, అసలు ముట్టుకోనివ్వరు కూడా. పక్క నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే చాలు.

అలుగు మొదట్లో ఒక పక్క ఏనుగు తొండంలా చుట్టుకున్న చిన్న కొక్కెం ఉంటుంది కొన్నిటికి, కెంబంగ్ కచంగ్ అంటారు. దాని పనితనం చూస్తే చేసిన చేయి తెలుస్తుంది. ఆకురాయితో గంటల తరబడి తీసిన దానికి మెలిక లోపల కూడా నున్నగా ఉంటుంది, నకిలీలో డ్రిల్లు పెట్టిన గుండ్రటి బెజ్జం, గ్రైండర్ గీతలు అలాగే ఉండిపోతాయి. మా ముందున్న ‘600 ఏళ్ల’ దానిలో గ్రైండర్ గీతలు మెరుస్తున్నాయి.

తుప్పు గురించి ఒక మాట. పాతదంటే తుప్పు పట్టి ఉండాలని మనం అనుకుంటాం, ఆ నమ్మకం మీదే వీళ్ల వ్యాపారం. యాసిడ్‌లో ముంచి, ఉప్పు నీళ్లు చల్లి, మట్టిలో పాతిపెట్టి తీస్తారు. కానీ అలా వచ్చిన గుంటలు అంతటా ఒకేలా ఉంటాయి, రంగు నారింజ వైపు ఉంటుంది. తరతరాలుగా కడిగి నూనె రాసిన ఇనుము అలా ఉండదు, పొర పొరగా అరుగుతుంది, మెత్తటి ఇనుము లోపలికి తినుకుపోయి నికెల్ గీతలు కొద్దిగా పైకి తేలతాయి. శ్రద్ధగా చూసుకున్న కుటుంబం కెరిస్ మీద ఎర్ర తుప్పు ఉండనివ్వరు. ఇంట్లో పూజించే వస్తువు అన్నవాడే తుప్పు చూపించి పాతదని చెప్తున్నాడంటే ఆ రెండు మాటల్లో ఒకటైనా అబద్ధం.

పిడి తీసి చూపించమని అడగండి. ఇది చాలామందికి తెలియదు. కెరిస్ పిడిని అతికించరు, అలుగు కింద ఉన్న కడ్డీకి (పెసి) గుడ్డో వెంట్రుకలో చుట్టి పిడిలోకి బిగిస్తారు, మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. తెలిసిన అమ్మకందారు తనే జాగ్రత్తగా తీసి చూపిస్తాడు. మా షాపతను తీయనన్నాడు, శక్తి పోతుందట. పిడి దగ్గర జిగురు ఎండిపోయి కనిపిస్తూనే ఉంది. కొన్నిటిలో పెసి స్థానంలో ఒక మేకునో, మరలున్న బోల్టునో వెల్డింగ్ చేసి పెడతారు.

ఒర విషయానికొస్తే ఈ షాపు ఒరలు చూడ్డానికి బాగానే ఉన్నాయి, అందుకే ఆ 3 మార్కులు. జావాలో తిమొహొ చెక్కకి విలువ ఎక్కువ, దానిలో సహజంగా నల్లటి మచ్చలు వస్తాయి, ఆ మచ్చలు ఎంత బాగుంటే ధర అంత. ఇక్కడ చౌక చెక్క మీద మచ్చలు వేసి వార్నిష్ కొట్టారు. కనిపెట్టడం తేలిక, ఒర నోరు దగ్గర, లోపలి అంచుల్లో చూడండి, అసలు మచ్చ చెక్క లోపలికి వెళ్తుంది, వేసిన మచ్చ అంచు దగ్గర తెగిపోతుంది.

ఇక కథలు. మొన మీద కెరిస్‌ని నిలబెట్టి చూపించడం వీళ్ల పెద్ద ఆయుధం, మా ముందూ చేశాడు. బరువు సమంగా కుదిరితే, ఓపిక ఉంటే కొత్తదైనా నిలబడుతుంది, దానికీ వయసుకీ సంబంధం లేదు. తర్వాత సర్టిఫికెట్ తీశాడు, ముద్రతో సహా, రాజు పేరుతో సహా. ఇక్కడ నేనొక విషయం చెప్పాలి. డచ్‌వాళ్ల మీద పోరాడిన జావా యువరాజు దిపొనెగొరొ కెరిస్ నెదర్లాండ్స్‌లో ఉండిపోయింది. అక్కడి మ్యూజియంలో ఉన్నవాటిలో ఆయనది ఏదో తేల్చడానికి ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, పాత ఉత్తరాలు వెతికారు, రెండు దేశాల నిపుణులు కూర్చున్నారు, ఆ తర్వాతే 2020 మార్చిలో ఇండోనేసియాకి తిరిగి ఇచ్చారు. జావాలోనూ అసలు తెలిసినవాళ్లు కాలం గురించి చెప్పేటప్పుడు ‘తంగ్గుహ్’ అంటారు, అంటే అంచనా. అలాంటిది ఒక షాపువాడు అర నిమిషంలో రాజు పేరు, శతాబ్దం చెప్పేస్తున్నాడంటే ఏమనుకోవాలి? మజపాహిత్ కాలంనాటి తేదీ ఉన్న కెరిస్ ఒకటి నిజంగానే ఉంది, శక సంవత్సరం 1264, అంటే 1342. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియంలో ఉంది.

మేం లేచాక 30 లక్షలు కాస్తా తలుపు దాటేలోపు 7 లక్షలకి దిగింది. 600 ఏళ్ల వారసత్వం అంత త్వరగా చౌక అవదు. బావగారు ఇంకేం మాట్లాడలేదు, వచ్చేశాం.

మరి ఏం కొనాలి? కొత్తది కొనండి, కొత్తదని చెప్పి అమ్మేవాడి దగ్గర. ఇండోనేసియాలో స్వాతంత్ర్యం వచ్చాక చేసిన వాటిని కెరిస్ కమర్దికాన్ అంటారు, దాన్ని అక్కడ ఎవరూ తక్కువగా చూడరు. మదురా దీవిలో సుమెనెప్ దగ్గర ఏంగ్ తొంగ్ తొంగ్ అనే ఊరుంది, ఊరంతా కెరిస్ పనే. అక్కడి నుంచి చౌక టూరిస్టు సరుకూ వస్తుంది, కళ్లు తిప్పుకోలేనంత గొప్ప పనీ వస్తుంది, తేడా పెట్టిన శ్రమలోనూ ధరలోనూ ఉంటుంది. యోగ్యకర్త పక్కనే ఇమొగిరి వైపు బన్యు సుమురుప్ అనే ఊళ్లో ఒరలు, పిడులు, ఇత్తడి తొడుగులు చేసే కుటుంబాలున్నాయి, వాళ్ల వాకిట్లోనే కూర్చుని పని చేస్తుంటారు, వెళ్లి చూడొచ్చు. బావగారు చివరికి ఒక పెద్దాయన దగ్గర తీసుకున్నారు. ఆయన ముందే ‘ఇది కొత్తది, అలుగు మదురాలో కొట్టింది, ఒర నేను చేశాను’ అన్నాడు, అడగకుండానే పిడి ఊడదీసి పెసి చూపించాడు, గొంజొ అతుకు మీద వేలు పెట్టి చూపించాడు. ధరని ఆయన ‘మహర్’ అన్నాడు. కెరిస్‌ని కొన్నారు అనరు, పెళ్లికూతురికి ఇచ్చినట్టు మహర్ ఇచ్చి తెచ్చుకున్నారు అంటారు. బేరం పెద్దగా ఆడలేదు, ఆడాలనీ అనిపించలేదు. ఆ పనికి 5కి 5.

కొనే ముందు ఒక పూట మ్యూజియంకి కేటాయించండి, ఇది నా గట్టి సలహా. యోగ్యకర్త కోట ఉత్తర మైదానం పక్కనే సొనొబుదొయొ మ్యూజియం ఉంది, కెరిస్‌ల సేకరణ పెద్దది, అక్కడి నుంచి టూరిస్టులు ఎక్కువగా తిరిగే మాలియోబోరో వీధి నడిచి వెళ్లేంత దూరమే. సొలోలో అయితే కెరిస్‌లకే ప్రత్యేకంగా మ్యూజియం ఉంది, 2017లో తెరిచారు. గంటసేపు అసలైనవి చూశాక బయట షాపులో రేకు ముక్క చూస్తే కన్ను దానంతటదే పట్టేస్తుంది, నేను పైన రాసిందంతా గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

బాలిలో కథ కొంచెం వేరు. అక్కడి అలుగులు జావావాటి కన్నా పెద్దవి, నున్నగా మెరుగు పెట్టి ఉంచుతారు. కాబట్టి గరుకుగా తుప్పు పట్టిన దాన్ని చూపించి ‘పాత బాలి గుడిది’ అంటే అనుమానించాలి. బంగారు రంగు పూసిన దేవుడి బొమ్మ పిడి, ఎర్ర గాజు రాళ్లు ఉన్నవి ఎక్కువగా డాన్సు వేషాలకీ టూరిస్టులకీ చేసేవి, పిడి మీద అచ్చు అతుకు గీత కనిపిస్తే అది చెక్కినది కాదు, పోత పోసింది. బాలివాళ్లు 210 రోజులకోసారి తుంపెక్ లందెప్ అని జరుపుకుంటారు, మన ఆయుధ పూజ లాంటిదే, కెరిస్‌లతో పాటు బైకులకీ కార్లకీ కూడా పూజ చేస్తారు. ఆ రోజు అక్కడుంటే ఇళ్లలోని అసలైన కెరిస్‌లు బయటికి వస్తాయి, దూరం నుంచి గౌరవంగా చూడండి, ఎంతకిస్తారని మాత్రం అడగకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆన్‌లైన్‌లో కొంటుంటారు. ఫోటోలో ఒర, పిడి మాత్రమే అందంగా చూపిస్తే కొనకండి. గొంజొ దగ్గర నుంచి ఒకటి, అంచు దగ్గర ఒకటి, పిడి తీసేసి పెసి కనిపించేలా ఒకటి అడగండి. ఈ మూడూ పంపనివాళ్లతో టైం వేస్టు.

ఇంకో సంగతి. ఇండోనేసియాలో 2010 నాటి వారసత్వ చట్టం ఉంది, 50 ఏళ్లు దాటిన వస్తువులు దాని పరిధిలోకి రావచ్చు, అలాంటి వాటిని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. కాబట్టి ‘200 ఏళ్లది సార్, ఎయిర్‌పోర్టులో ఏం ప్రాబ్లం ఉండదు’ అనే షాపువాడు చెప్పే రెండు ముక్కలూ ఒకేసారి నిజం అయ్యే అవకాశం తక్కువ. కొత్తది కొంటే కొత్తదని రాసిన బిల్లు తీసుకోండి, చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, మీరు దిగే దేశపు రూల్స్ ముందే కనుక్కోండి.

ఇంటికి తెచ్చాక నీళ్లతో కడగకండి. అక్కడ కుంకుడు జాతి కాయ, నిమ్మరసం, కొబ్బరి నీళ్లతో శుభ్రం చేస్తారు గానీ అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. మీరు మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, కాస్త గంధపు నూనె రాస్తే చాలు. అలుగు నల్లదనం కోసం వాడింది పాషాణం, కాబట్టి పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.